ప్లాస్టరు మీద పేరు

“చంపినవాళ్ళు ఏడవకూడదని ఏ సెక్షన్లోనూ రాయలేదు మేడమ్,” అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ మణిశంకర్.

బాలాత్రిపురసుందరి చూపంతా ఆసుపత్రి పిల్లల వార్డులో కిటికీ పక్కనున్న చిన్న మంచం మీదే ఉంది. దుప్పటి మార్చేశారు. మందుల సీసాలు తీసేశారు. గోడ మీద రంగు పెన్సిలుతో గీసిన కోడిపెట్ట మాత్రం అలాగే ఉంది. దాని వెనక బారుగా కోడిపిల్లలు. ఆఖరి పిల్లకి ఇంకా కాళ్ళు గీయలేదు.

పాతికేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా ముందే రిటైర్మెంటు తీసుకుని, రాజమండ్రిలో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టిన మనిషి ఆవిడ. ఏజెన్సీ అంటే మరీ గొప్పగా ఊహించుకోనక్కర్లేదు. పెళ్ళికొడుక్కి తాగుడు అలవాటుందా, చెప్పిన ఉద్యోగం నిజంగా ఉందా అని ఆరా తీసే కేసులే పదింట తొమ్మిది. పదోది ఎప్పుడో ఇలా వచ్చి మనసు విరిచేసి పోతుంది.

చనిపోయిన పాప పేరు లోవలక్ష్మి. ఏడేళ్ళు. కడియం మొక్కల నర్సరీల్లో కూలికెళ్ళే జ్ఞానమ్మ కూతురు. రక్తానికి కేన్సరొస్తే డాక్టర్ అనంతకృష్ణ తన ఆసుపత్రిలో చేర్చుకుని మందులిస్తున్నాడు. సోమవారం పొద్దున పాపకి జ్వరం వచ్చింది. మంగళవారం మధ్యాహ్నానికి పాప లేదు. బుధవారం స్టాఫ్ నర్సు ఆశాజ్యోతిని పోలీసులు పట్టుకెళ్ళారు. ఈ రోజు తెల్లవారుతూనే ఆమె అన్నయ్య అబ్రహాము మాస్టారు త్రిపురసుందరి గుమ్మంలో నిలబడి, “మా చెల్లి చీమకి కూడా హాని చెయ్యదండి,” అన్నాడు. హంతకుల అన్నదమ్ములందరూ ఆ మాటే అంటారని ఆవిడకి తెలుసు. అయినా చెప్పులేసుకుని బయల్దేరింది.

“సరే, నీ కేసేంటో చెప్పు మణిశంకర్. నా దగ్గర ఎస్సైగా ఉన్నప్పుడు చెప్పినట్టు కాదు, కాస్త నమ్మేట్టు చెప్పు.”

ఆ మాట అతనికి గుచ్చుకుంది. కొత్తగా కొన్న సెల్‌ఫోన్ జేబులోంచి తీసి చూసుకుని మళ్ళీ లోపల పెట్టాడు. అదేమీ మోగలేదు.

“మూడు సంగతులు మేడమ్. ఒకటి, పక్కమంచం కింద మత్తు ఇంజెక్షన్ ఖాళీ సీసా దొరికింది. రెండు, ఆయా తలుపులమ్మ సాక్ష్యం. సోమవారం సాయంత్రం ఈ నర్సు పాప నెత్తి మీద చెయ్యేసి, ‘ఈ బిడ్డను నీ చేతులకు అప్పగిస్తున్నాను తండ్రీ’ అని ఏడుస్తూ అందిట. మర్నాడే పాప పోయింది. మూడు, పాప రక్తం రిపోర్టు. సోమవారం తీసిన రక్తం బ్రహ్మాండంగా ఉంది. రక్తం బాగున్న పిల్ల ఒక్కరోజులో ఎలా చచ్చిపోతుంది? ఆవిడ చెడ్డదని నేననను. పిల్ల బాధ చూడలేక జాలిపడి చంపేసింది. జాలిపడి చంపినా హత్య హత్యే.”

“ఆ ఖాళీ సీసా పక్కమంచం పాపకి వాడింది కాదూ?”

“ఆ మాట డాక్టరు గారూ అన్నారు. లేబొరేటరీ తేలుస్తుంది.”

“ఇక రెండోది. మా వెనకవాటాలో చాలాకాలం ఒక లూథరన్ పాస్టరు గారి కుటుంబం అద్దెకుండేది. వాళ్ళబ్బాయి పరీక్షకి వెళ్తుంటే తల్లి నెత్తి మీద చెయ్యేసి ఇదే మాట అనేది. బస్సెక్కుతుంటే ఇదే మాట. పన్ను పీకించుకోవడానికి వెళ్ళినా ఇదే మాట. నీ చేతులకు అప్పగిస్తున్నానంటే, నువ్వే కాపాడమని. తీసుకుపొమ్మని కాదు. నీ లెక్కన ఆ అబ్బాయి ఎన్నిసార్లు చావాలో! ఇప్పుడు భీమవరంలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు.”

“తలుపులమ్మకి అలా వినపడలేదు.”

“తలుపులమ్మ గుడికి వెళ్తుందయ్యా, చర్చికి కాదు. విన్న మాట నిజమే, అర్థం వేరు.”

మణిశంకర్ పెదవి విరిచాడు. “మూడోదానికేమంటారు?”

త్రిపురసుందరి మళ్ళీ గోడ మీది కోడిపెట్ట వైపు తిరిగింది.

“అరెస్టు ఇవాళే చూపిస్తున్నాను, రేపు ఆవిణ్ణి మేజిస్ట్రేటు గారి ముందు పెడుతున్నాను మేడమ్. ఈలోపు మీ మ్యారేజ్ ఎంక్వైరీలేమైనా ఉంటే చూసుకోండి,” అని బూట్లు టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయాడు.

పోలీసుల ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో చెల్లదు. మేజిస్ట్రేటు ముందు ఒప్పుకుంటే మాత్రం ఇక ఎవరూ కాపాడలేరు. అన్నం తినకుండా, నిద్రపోకుండా ఏడుస్తున్న మనిషి రేపటికి ఏమంటుందో ఎవరు చూశారు? త్రిపురసుందరికి ఉన్న గడువు ఈ ఒక్క పగలే.

* * *

డాక్టర్ అనంతకృష్ణ గదిలో ఫ్యాను తిరుగుతున్నా ఆయనకి చెమటలు పడుతూనే ఉన్నాయి.

“నాకు సైన్సు రాదు డాక్టరు గారూ. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పండి. రక్తం బాగుండడమంటే ఏంటి?”

“కీమో మందులిచ్చిన వారం పదిరోజులకి తెల్లకణాలు పడిపోతాయండి. ఒంటికి కాపలా కాసేవి అవే. అవి లేనప్పుడు జ్వరం వచ్చిందంటే, ఇన్‌ఫెక్షన్ లోపల ఎంత దూరం పోతుందో చెప్పలేం. గంటలోపల పెద్ద యాంటీబయాటిక్ ఎక్కించాలి. అందుకే ఈ పిల్లలకి జ్వరమనగానే ముందు ఆ తెల్లకణాల కౌంటు చూస్తాం. లోవలక్ష్మికి కౌంటు చక్కగా ఉంది. ఇంకోటి సీఆర్పీ అని చేయించాను. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉంటే రక్తంలో అది పెరుగుతుంది. అదీ పెరగలేదు.”

“పాపకి జ్వరం ఎంతుంది?”

“నూటమూడు.”

“ఒళ్ళు కాలిపోతున్న పిల్లకి అది ఎందుకు పెరగలేదు?”

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అది శుభ్రంగానే ఉంది.

“ఒక్కోసారి కొన్ని గంటలు ఆలస్యంగా పెరుగుతుందండి. వైరల్ జ్వరాల్లో అసలు పెద్దగా పెరగదు. అదే అనుకున్నాను. సిరప్ రాశాను.”

“ఎవరూ అడ్డు చెప్పలేదా?”

ఆయన తలెత్తకుండానే అన్నాడు. “సిస్టర్ ఆశాజ్యోతి రెండుసార్లు అడిగింది. ‘పాప వాలకం నాకు బాలేదు సర్, యాంటీబయాటిక్ మొదలెడదామా’ అని. రిపోర్టు చూపించి కసిరాను.”

“ఈ సంగతి సీఐ గారికి చెప్పలేదే?”

“ఆయన అడగలేదు.”

“చంపాలనుకున్న మనిషి మందు పెట్టమని రెండుసార్లు బతిమాలుతుందా డాక్టరు గారూ? ఆయన అడక్కపోతే మీరు చెప్పకూడదా? ఒక ఆడపిల్ల లాకప్పులో కూర్చునుంది!” త్రిపురసుందరికి ఒళ్ళు మండిపోయింది. డాక్టరు ముఖం చూశాక ఆ కోపం నిలవలేదు. ఆయన కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఆ రెండు రాత్రులూ ఆయనా నిద్రపోలేదని తెలుస్తూనే ఉంది.

“పాప చెప్పేది ఒకటి, కాగితం చెప్పేది ఒకటి,” అంది ఆమె లేస్తూ. “కాగితం అబద్ధమాడదు. అయితే అది ఎవరి గురించి చెప్తోందో చూడాలి. మీ ల్యాబు ఎక్కడ?”

* * *

ల్యాబు కింది అంతస్తులో మెట్ల పక్కనే ఉంది. టెక్నీషియన్ గంగరాజు సీసాలు కడుగుతున్నవాడల్లా గబగబా చేతులు తుడుచుకున్నాడు. పోలీసు ఉద్యోగం మానేసినా ఆవిడ చూపు పోలీసు చూపే.

“సోమవారం పొద్దున లోవలక్ష్మి రక్తం నువ్వే చూశావా?”

“ఆయ్, నేనేనండి. బాగా గుర్తండి. ఆ పేరుతో రెండు చీటీలొచ్చినయండి.”

“రెండా?”

“పైనుంచి ఒకటి, కింద ఓపీ నుంచి ఒకటండి. ట్యూబేమో ఒకటేనండి. ఓపీలో చూపించుకున్న పాపనే పైకి తీసుకెళ్ళి చేర్చుకుని ఉంటారు, ఇద్దరూ చీటీలు రాసేసి ఉంటారనుకున్నానండి. రక్తం చూసి అదే రిజల్టు రెండింటి మీదా వేసేశానండి. మా ఊళ్ళ వైపు లోవ అమ్మవారి పేరు ఇంటికొకరికి ఉంటుంది కదండీ, అయినా ఇద్దరు పిల్లలైతే రెండు ట్యూబులు ఉండాలి కదా అనుకున్నానండి.”

“ఓపీకి వచ్చిన లోవలక్ష్మి ఎవరు?”

“ఆత్రేయపురం పాపండి. అదీ మన పేషెంటేనండి. సాయంత్రం రిపోర్టు చూసి వాళ్ళమ్మ ఎంత సంతోషపడిందో! మాకందరికీ పూతరేకులు పంచిందండి.” అని నవ్వబోయాడు గంగరాజు. ఆ నవ్వు పూర్తికాకముందే అతని ముఖం తెల్లబోయింది. తను ఏం చెప్తున్నాడో అప్పుడు అతనికే అర్థమవుతోంది. “అంటే… ఇద్దరు పాపలాండి?”

త్రిపురసుందరి ఆ ప్రశ్న వినిపించుకోనట్టే ఫ్రిజ్ తలుపు తెరిచింది. పాత శాంపిళ్ళన్నీ ఒక చెక్క స్టాండులో వరసగా ఉన్నాయి. ప్రతి ట్యూబుకీ ఒక ప్లాస్టరు ముక్క, దాని మీద ఇంగ్లీషు అక్షరాల్లో పేరు. చివరగా, స్టాండుకి ఎడంగా, ఒక మూలకి ఆనించి ఒక ట్యూబుంది. దాని మీద మాత్రం తెలుగు అక్షరాలు. గుండ్రంగా, ముచ్చటగా, పిల్లల పుస్తకంలో రాసినట్టు.

రూతు.

“ఇదెవరిది?”

“తెలీదండి. సోమవారమే వచ్చింది. ఈ పేరుతో చీటీ లేదండి. ఎవరో ఒకరు వచ్చి అడక్కపోతారా అని పక్కన పెట్టానండి.” గంగరాజు పొడి చేతుల్నే మళ్ళీ తుడుచుకున్నాడు. “ఎవరూ అడగలేదండి. నేనూ మర్చిపోయానండి.”

డాక్టరుని కిందికి పిలిపించింది. మూడు రోజులు దాటిన రక్తం కాబట్టి మిషను చెప్పే అంకెని నమ్మలేమని, అయినా గాజు పలక మీద పూసి రంగు వేస్తే తెల్లకణాల ఆనవాళ్ళయినా దొరుకుతాయని ఆయన అన్నాడు. గంగరాజుని పక్కకి జరగమని స్లైడు ఆయనే చేసుకున్నాడు. మైక్రోస్కోపు మీదికి వంగాడు.

“ఊదారంగు చుక్కలు కనిపించాలండి,” అన్నాడు చూస్తూనే.

స్లైడుని కొంచెం జరిపాడు. ఇంకొంచెం జరిపాడు. ఒక అంచు నుంచి రెండో అంచు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. చివరికి ఆయన కళ్ళు అక్కణ్ణుంచి తియ్యకుండానే, “ఒక్కటి కూడా లేదు,” అన్నాడు. ఆ తర్వాత కూడా చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. లేస్తే మనుషుల ముఖాలు చూడాలి కదా మరి.

“ఎవరి రక్తం ఇది డాక్టరు గారూ?”

“ఎవరిదైనా, సోమవారం నాడు ఈ పాపకి జ్వరం ఉండి ఉంటే, నేను ఒక్క నిమిషం కూడా ఆగకుండా యాంటీబయాటిక్ పెట్టేవాణ్ణి.”

“బతికేదా?”

“బతికే అవకాశం ఉండేది,” అని ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

కబురందుకుని మణిశంకర్ వచ్చేసరికి గంట పట్టింది. త్రిపురసుందరి చెప్పిందంతా చేతులు కట్టుకుని విన్నాడు. విని నవ్వాడు.

“కథ బాగుంది మేడమ్. కానీ రూతు ఎవరు? ఈ ఆసుపత్రిలో రూతు అనే పేషెంటే లేదు. డాక్టరు గారూ, మీకు తెలుసా?”

“తెలీదు,” అన్నాడు డాక్టరు.

“చనిపోయిన పిల్ల పేరు లోవలక్ష్మి. స్కూలు కాగితాల్లో లోవలక్ష్మి, సర్కారు సాయం కోసం పెట్టిన అర్జీలో లోవలక్ష్మి, పోస్టుమార్టంలో లోవలక్ష్మి. దిక్కులేని ట్యూబు ఒకటి పట్టుకుని అదే ఈ పిల్ల రక్తమంటే కోర్టు ఊరుకుంటుందా?”

“ట్యూబు సీలు చేయించు. అది నీ డ్యూటీ.”

“చేయిస్తాను. మీరు రూతుని తీసుకురండి.”

* * *

జ్ఞానమ్మ ఇల్లు కడియంలో నర్సరీల వెనక రేకుల షెడ్ల వరసలో ఉంది. ఇంటి ముందు నలుగురు ఆడవాళ్ళు నేలమీద కూర్చుని ఉన్నారు. గోడకి ఒక చిన్న చెక్క సిలువ ఆనించి ఉంది. తెల్లరంగు ఇంకా ఆరలేదు. నర్సరీ బోర్డులు రాసే పెయింటరు నల్లరంగు డబ్బా పక్కన పెట్టుకుని, కుంచె చేతిలో పట్టుకుని గొంతుక్కూర్చున్నాడు.

“పేరేం రాయమంటావు జ్ఞానమ్మా? పొద్దుట్నుంచీ కూర్చోబెట్టావు,” అన్నాడు మెత్తగానే.

జ్ఞానమ్మకి ముప్ఫై ఐదేళ్ళుంటాయేమో. ఏడ్చి ఏడ్చి ఇక ఏడుపు కూడా రాని స్థితిలో ఉంది. సిలువ వంక చూస్తుంది, చూపు తిప్పుకుంటుంది.

త్రిపురసుందరికి అంతా ఒక్కసారిగా అర్థమైంది. చర్చికెళ్ళే మనిషి. కూతురి సమాధి మీద పెట్టే సిలువ. దాని మీద లోవలక్ష్మి అని రాయడానికి మనసు రావడం లేదు. ఇంకో పేరు రాయడానికి ధైర్యం రావడం లేదు.

ఆమె వెళ్ళి జ్ఞానమ్మ పక్కన నేలమీదే కూర్చుంది. చెవి దగ్గరికి వంగి చిన్నగా అడిగింది.

“రూతు అని రాయించాలని ఉందా అమ్మా?”

జ్ఞానమ్మ ఉలిక్కిపడింది. చుట్టూ చూసి త్రిపురసుందరి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

“ఎవరు చెప్పారండి మీకు? మీరు రెవెన్యూ ఆఫీసు నుంచి వచ్చారాండి? మీ కాళ్ళు పట్టుకుంటానండి…”

“నేను ఏ ఆఫీసు మనిషినీ కాదు. సిస్టర్ ఆశాజ్యోతి తరఫున వచ్చాను.”

ఆ పేరు వినగానే జ్ఞానమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాస్త కుదుటపడ్డాక చెప్పింది.

“రూతు అన్నది మా గుడిలో, అదే చర్చిలో, పెట్టిన పేరండి. లోవలక్ష్మి సర్టిఫికెట్టు పేరు. కిరస్తానీ వాళ్ళమని తేలితే ఎస్సీ కాయితం తీసేస్తారండి. మా పెద్దోడు ఆ కాయితం మీదే హాస్టల్లో ఉండి టెన్త్ చదువుతున్నాడు. అందుకని బయటెక్కడా ఆ పేరు పలకొద్దని దానికి నేర్పానండి. ఆసుపత్రిలో అందరూ లోవా లోవా అనేవారు. సిస్టరమ్మ ఒక్కతే, ఎవరూ లేనప్పుడు, రూతమ్మా అనేదండి. ఆవిడా మా గుడి మనిషే. ఆవిడ పిలిస్తే ఎంత మురిసిపోయేదో అది! నొప్పిలో కూడా నవ్వేదండి.”

“జ్ఞానమ్మా, నేను చెప్పేది జాగ్రత్తగా విను. సోమవారం పొద్దున రూతు అని రాసిన రక్తం ల్యాబుకి వెళ్ళింది. ఆ పేరు వాళ్ళకి తెలీదు. పక్కన పెట్టేశారు. డాక్టరుకి ఇచ్చిన రిపోర్టు ఇంకో పాపది.”

జ్ఞానమ్మ నోరు తెరుచుకుని వింది.

“మా పాప రక్తం చూడనే లేదాండి?”

“లేదు.”

“చూసుంటే?”

త్రిపురసుందరి ఎన్నో చావుకబుర్లు మోసిన మనిషి. ప్రతిసారీ ఎదురుగా నిలబడి, తలెత్తి చెప్పగలిగింది. ఈ ప్రశ్నకి మాత్రం ఆమె తల దించుకుంది. జ్ఞానమ్మకి అదే సమాధానమైంది. ఆమె గోడకి జారగిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, శబ్దం లేకుండా ఊగిపోయింది. త్రిపురసుందరి ఆమె భుజం చుట్టూ చెయ్యేసి కూర్చుంది. ఆవిడకీ కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

కొంతసేపటికి త్రిపురసుందరే అంది. “ఆ ట్యూబు మీ పాపదని రుజువైతే సిస్టరమ్మ బయటికొస్తుంది. లేకపోతే హత్య కేసు నిలబడుతుంది. రుజువు చెయ్యాలంటే ఆ పేరు నువ్వే చెప్పాలి. చెప్తే మీ అబ్బాయి కాగితం మాటేమవుతుందో నేను హామీ ఇవ్వలేను. నువ్వు వద్దంటే నా నోట ఆ పేరు ఎక్కడా రాదు. నీ ఇష్టం అమ్మా.”

బయట పెయింటరు ఎవరితోనో మెల్లగా మాట్లాడుతున్నాడు. జ్ఞానమ్మ లేచి, ముఖం తుడుచుకుని, గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది.

“రూతు అని రాయి,” అంది, అందరికీ వినపడేట్టు. “పెద్దక్షరాలతో రాయి.”

* * *

స్టేషన్‌కి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. దారి పొడుగునా త్రిపురసుందరి లెక్క వేసుకుంటూనే ఉంది. తల్లి సాక్ష్యం ఉంది. డాక్టరు సాక్ష్యం ఉంది. గంగరాజు చెప్తాడు. ఇక కావాల్సింది ఒక్కటే. ఆ ప్లాస్టరు మీద అక్షరాలు తనవేనని ఆశాజ్యోతి చెప్పాలి. అంతే, కేసు వీగిపోతుంది. చాలా రోజుల తర్వాత పెద్ద కేసు గెలవబోతున్నానన్న ఉత్సాహం ఆమె నడకలో కనిపించింది. ఆ తొందరలోనే ఆవిడ పొరపాటు చేసింది.

ఆశాజ్యోతి బెంచీ మీద ముడుచుకుని కూర్చుని ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల. నర్సు బట్టలు ఇంకా మార్చలేదు. పక్కన మహిళా కానిస్టేబులు తెచ్చిపెట్టిన ఇడ్లీ పొట్లం విప్పకుండానే ఉంది. మణిశంకర్ తన గదిలో ఉన్నాడు. తలుపు తెరిచే ఉంది.

“ఆశా, నేను మీ అన్నయ్య పంపిన మనిషిని. ఒక్క మాట అడుగుతాను. సోమవారం పొద్దున పాప రక్తం తీసింది నువ్వేనా?”

“నేనేనండి.”

“ట్యూబు మీద పేరు ఏమని రాశావు?”

ఆశాజ్యోతి ముఖంలో మొదటిసారి చిన్న వెలుగు వచ్చింది.

“ఆ రోజు చెయ్యి ఇవ్వనని ఒకటే ఏడుపండి. అన్నిసార్లు గుచ్చాం కదా, నరాలన్నీ గట్టిపడిపోయినయ్. ‘నీ పేరు రాసి పంపిస్తానమ్మా, పెద్ద మిషను నీ పేరు చదువుతుంది’ అని బుజ్జగించాను. ‘అయితే నా పేరు రాయి’ అంది. లోవ అని రాయబోతే చెయ్యి పట్టుకుని ఆపేసింది. ‘అది కాదు, నా పేరు’ అంది. సరేనని తెలుగులో రాశానండి, అదే చదువుకునేట్టు. కూడబలుక్కుని చదివింది. రూ… తు… అని. చదివి నవ్విందండి. నవ్వుతూ చెయ్యి చాచింది.”

“తర్వాత?”

“దాని మీద సర్టిఫికెట్టు పేరుతో ఇంకో ప్లాస్టరు అంటిద్దామనుకున్నానండి. ఇంతలో పక్కమంచం పాపకి వాంతులైతే పరిగెత్తాను. తలుపులమ్మ ట్యూబు, చీటీ పట్టుకుని కిందికి…”

ఆమె ఆగిపోయింది.

చూపు త్రిపురసుందరి ముఖం మీద నిలిచింది. అక్కణ్ణుంచి నేలమీదికి జారింది. నర్సు కదా, ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పేరు తెలియని ట్యూబుని ల్యాబులో ఏం చేస్తారో ఆమెకి తెలుసు. కౌంటు బాగుందన్న రిపోర్టు చూసి తను ఎందుకు నమ్మలేకపోయిందో ఇప్పుడు తెలిసింది.

“దాని రక్తం చూడలేదా?” అంది. “మేడమ్, నిజం చెప్పండి. చూడలేదు కదా?”

“ఆశా, నా మాట విను. ఇందులో నీ తప్పొక్కటే కాదు. ల్యాబులో…”

“నేను రాసిన పేరు వల్ల.”

“అది పొరపాటు. నేరం కాదు.”

“నేనే చంపేశాను,” అంది ఆశాజ్యోతి. గట్టిగా కూడా అనలేదు. ఎవరో చెప్పిన కబురు మళ్ళీ చెప్పినట్టు అంది. “నా బిడ్డ లాంటిది. ముద్దుగా పేరు రాసి నేనే చంపేశాను.”

గదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. మణిశంకర్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అతని ముఖంలో గెలిచిన సంతోషం ఉందని చెప్తే అబద్ధమే. అయినా అతను పోలీసు. చెవిన పడ్డది వదులుకోడు.

“ఈ మాట రేపు మేజిస్ట్రేటు గారి ముందు చెప్తావా అమ్మా?”

“చెప్పదు!” త్రిపురసుందరి దిగ్గున లేచింది. “మణిశంకర్, ఆ మాటకి అర్థం నువ్వనుకుంటున్నది కాదు. నీకూ తెలుసు. ట్యూబు ఉంది, తల్లి సాక్ష్యం తెచ్చాను…”

“మీరే కదా మేడమ్ అన్నారు, విన్న మాట నిజమే, అర్థం వేరని. ఆ అర్థమేదో ఆవిణ్ణే అక్కడ చెప్పుకోనివ్వండి.”

“చెప్తానండి,” అంది ఆశాజ్యోతి.

త్రిపురసుందరి ఆమె రెండు భుజాలూ పట్టుకుంది. “పిచ్చిపిల్లా, వాళ్ళు అడిగేది హత్య గురించి. నువ్వు చెప్పేది దుఃఖం. నల్లకోటు వాళ్ళకి ఆ తేడా తెలీదు. చంపలేదని చెప్పు. ఆ ఒక్క ముక్క చాలు, మిగతాది నేను చూసుకుంటాను.”

ఆశాజ్యోతి ఆమె చేతుల్ని మెల్లగా విడిపించుకుంది. కళ్ళు పూర్తిగా పొడిగా ఉన్నాయి.

“అలా ఎలా చెప్పనండి? అక్కడ దేవుడి మీద ప్రమాణం చేయిస్తారు కదా,” అంది.

మణిశంకర్ జేబులోంచి సెల్‌ఫోన్ తీసి, కోర్టు నంబరు నొక్కడం మొదలుపెట్టాడు.